ఆరని గుమ్మటంలో పాలు

తడిసిన ఇటుకలో ఎన్ని నీళ్ళున్నాయో తెలుసుకోవడానికి ఇంజనీరింగ్ చదవక్కరలేదు. ఎండిన ఇటుకను తూచాలి. బకెట్లో నానబెట్టి మళ్ళీ తూచాలి. తేడా ఎంతో నీళ్ళు అంత. నేను ఇంటర్ దగ్గర ఆగిపోయినవాణ్ణి. పంజాగుట్టలో టైల్స్ షాపులో లెక్కలు చూస్తూ తల నెరిసింది. మిగతా లెక్కలన్నీ అవసరం పడినప్పుడల్లా నాకు నేనే నేర్చుకున్నాను. వంటింటి తూకం మీద పెట్టి చూస్తే, సగానికి కోసిన ఒక్కో ఇటుక నూటయాభై గ్రాముల నీళ్ళు తాగింది. పెరట్లో కట్టిన మా పొయ్యి గుమ్మటంలో అలాంటి సగాలు నూటయాభై ఉన్నాయి. మధ్యమధ్య పెట్టిన అడుసులో నీళ్ళు కూడా కలిపితే దగ్గర దగ్గర ముప్పై లీటర్లు. అంటే మా పెరట్లో రెండు నిండు బిందెల నీళ్ళు ఇటుకల రూపంలో గుండ్రంగా నిలబడి ఉన్నాయి.

పైకి చూస్తే పొడిగానే ఉంది. ముట్టుకుంటే చేతికి తడి తగలదు. అందుకే ఇంట్లోవాళ్ళకీ, వచ్చిపోయేవాళ్ళకీ, ఫోన్లో అడిగినవాళ్ళకీ అదే పనిగా చెప్పాను. లోపల నీళ్ళున్నాయి, నేను చెప్పేదాకా మంట పెట్టొద్దు అని. చెప్పలేదని ఎవరూ అనలేరు.

అయినా అందులో పాలు పొంగించారు.

మా ఇల్లు అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక గల్లీలో ఉంది. ఆ వరసలో కూల్చకుండా మిగిలిన పాత ఇళ్ళు చాలా తక్కువ. మాకు రెండు పక్కలా హాస్టళ్ళే, ఒకటి ఐదంతస్తులు, ఒకటి ఆరు. కిటికీల నిండా తువ్వాళ్ళు వేలాడుతుంటాయి. ఆ రెండింటి మధ్య మా పెరట్లోకి ఎండ పదకొండు తర్వాత దిగి, రెండున్నరకల్లా గోడెక్కి వెళ్ళిపోతుంది. ఆరడం గురించి మాట్లాడేటప్పుడు ఇది కూడా లెక్కలోకి రావాలి. ఎవరూ రానివ్వలేదు.

పొయ్యి మా ఆవిడది. ఆమె కొన్నేళ్ళుగా ఫోన్లో చూసి బ్రెడ్డు, పిజ్జా నేర్చుకుంది. పిండి ముందురోజే కలిపి ఫ్రిజ్‌లో పెట్టి, అది మెల్లగా పొంగుతుంటే మధ్యలో లేచి మూత తీసి చూసుకునేది. అంతా కుదిరేది, ఒక్క వేడి తప్ప. మా కరెంటు ఓవెన్ రెండువందల యాభై డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. పిజ్జాకు నాలుగువందలు దాటాలి. పైన జున్ను మాడేది, కింద రొట్టె పాలిపోయి ఉండేది. "అడుగు పచ్చిగనే ఉంటది, ఎన్నిసార్లు చేసినా గంతే," అని ప్లేటు పక్కకు నెట్టేది. ఒకరోజు, గిన్నెలు తోముతూ, నా వైపు చూడకుండానే, "ఇటుకల పొయ్యి ఉంటే ఎట్లుంటదో," అన్నది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె తనకోసం అడిగినవి ఎన్నో నేను లెక్క కట్టాను. ఆ అంకె ఇక్కడ రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

కింద దిమ్మె మేస్త్రీ కట్టాడు. గుమ్మటం మాత్రం అతని చేతికి ఇవ్వలేదు. "సిమెంటు కొట్టేద్దాం సార్, మీ మనవలు ముసలోళ్ళయినా కదలదు," అన్నాడు. నాలుగువందల డిగ్రీల దగ్గర సిమెంటు పిండిలా రాలుతుందంటే, "మీరు మస్తు చదువుతరు సార్," అని నవ్వాడు. ఆ నవ్వు నాకు కొత్త కాదు. షాపులో, పెళ్ళిళ్ళలో, బ్యాంకులో, ఎక్కడ నోటితో లెక్క చెప్పినా మనుషులు అలాగే నవ్వుతారు. అది పొగడ్త కాదని తెలుసుకోవడానికి ఏ లెక్కా అక్కర్లేదు.

నేనే కట్టాను. మూడు పాళ్ళ ఇసుక, ఒక పాలు సున్నం, ఒక పాలు బంకమన్ను, సున్నం గట్టిపడేదాకా పట్టు కోసం ఒక పాలు సిమెంటు. లోపలి వెడల్పు ముప్పై ఆరు అంగుళాలు, ఎత్తు పద్దెనిమిది. గుమ్మటం ఎత్తు వందైతే కట్టెలు పెట్టే వాకిలి ఎత్తు అరవైమూడు ఉండాలి. ఎక్కువైతే వేడి నిలవదు, తక్కువైతే పొగ సరిగా తిరగదు. మా వాకిలి పదకొండుంపావు అంగుళాలు. తడి ఇసుకను బోర్లించిన మూకుడులా పేర్చి, మీద పాత పేపర్లు కప్పి, ఆ ఒంపు మీద ఇటుకలు వరసకు వరస చుట్టుకొచ్చాం. పైకి పోయేకొద్దీ వరస చిన్నదవుతుంది, ఇటుకను ఇంకాస్త ఏటవాలుగా చెక్కాలి. మా ఆవిడ అడుసు అందిస్తుంటే నేను పేర్చాను. హాస్టల్ పిల్లలు పైనుంచి, "అంకుల్, గుడి కడ్తున్నరా?" అని అరిచారు. "గుడి కాదు, పిజ్జా," అంటే ఐదో అంతస్తు దాకా నవ్వు వినిపించింది. ఆ నవ్వుకు మాత్రం నాకు కోపం రాలేదు.

అడుసు గట్టిపడ్డాక వాకిట్లోంచి ఇసుకంతా తోడేశాం. ఒక్క ఇటుక జారలేదు. మా ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని తల లోపల పెట్టి, "ఊ..." అన్నది. ఆ ఊ లోపల గుండ్రంగా తిరిగి బయటికి వచ్చింది. రెండోసారి కూడా అన్నది.

ఇక మిగిలింది ఆరబెట్టడం. చూసేవాళ్ళకు ఇది పనిలా కనిపించదు. కానీ అసలు పని ఇదే. నీరు ఆవిరైతే పదహారువందల రెట్లు పెరుగుతుంది. మెల్లగా వేడిచేస్తే ఇటుక రంధ్రాల్లోంచి తనంతట తాను వెళ్ళిపోతుంది. ఒక్కసారిగా వేడిచేస్తే దారి చాలక, ఇటుకను పగలగొట్టుకుని పోతుంది. అందుకే మొదట లోపల ఒక బల్బు వెలిగించి వదిలేశాను. తర్వాత దోసెడు బొగ్గులు, ఆ తర్వాత వేలెడంత పుల్లలు. గోడ వేడి నూరు దాటకూడదు. కరోనా రోజుల్లో నుదుటికి గురిపెట్టేవాళ్ళే, అలాంటి తుపాకీయే పెద్ద వేడిని కొలిచేది ఒకటి తెచ్చి చూసుకునేవాణ్ణి. పొద్దున గుమ్మటం మీద పాలిథిన్ కవరు కప్పితే కాసేపట్లో లోపలివైపు చెమట పట్టేది. ఆ చెమట ఉన్నంతకాలం మంట లేదు. ఇంత సులువైన పరీక్ష ఇంకోటి ఉంటుందా?

మా అక్క బల్కంపేటలో ఉంటుంది. పొయ్యి కట్టామని తెలిసిన సాయంత్రమే ఫోన్ చేసింది.

"తమ్మీ, కొత్త పొయ్యికి పాలు పొంగియ్యకుంట వండుతరా? ఆషాఢం వస్తుంది. ఆషాఢంల బోనం ఎత్తుతం గని కొత్త పొయ్యి అంటియ్యం. గందుకే ముందుగాల్నే అంటియ్యాలె."

"ఇంకా ఆరలేదక్కా. శ్రావణంల పొంగియ్యి, ఎవరొద్దన్నరు?"

"పంతులు ముహూర్తం తీసిండు."

"పంతులు నా ఇటుకలు చూసిండా?"

"నీతోని మాట్లాడుడు గోడతోని మాట్లాడుడు ఒక్కటే," అని పెట్టేసింది. వద్దన్నాను కాబట్టి మాట ముగిసిందనుకున్నాను. మా ఇళ్ళలో గృహప్రవేశానికి పాలు పొంగించే హక్కు ఆ ఇంటి ఆడబిడ్డది. ఆ హక్కుకు ఇంటి యజమాని అనుమతి అక్కర్లేదని మా అక్క లెక్క.

ఆ రోజు నేను షాపులో ఉన్నాను. పక్క హాస్టల్ ఓనర్ ఫోన్ చేశాడు. "అన్నా, మీ వెనక పొగ మస్తు లేస్తుంది, పోరగాళ్ళు దగ్గుతున్నరు, జర చూడున్రి." పంజాగుట్ట చౌరస్తాలో ఆటో ఇంచు కదల్లేదు. దిగి నడిచాను. గల్లీ మలుపులోనే కట్టె కాలిన వాసన, మాడిన పాల వాసన.

పెరట్లో అక్క, ఆమె వీధి నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు, గోడకు ఆనుకుని మా ఆవిడ ఉన్నారు. గుమ్మటానికి పసుపు, కుంకుమ, మామిడాకులు. వాకిట్లోంచి మూరెడు మంట బయటికి నాలుక చాస్తోంది. రాబోయే నెలల కోసం నేను కోసి పేర్చిన తుమ్మ మొద్దుల దొంతర సగానికి దిగింది.

"వచ్చినవా తమ్మీ! జర ముందుగాల వస్తే సూద్దువు. పాలు తూర్పుకే పొంగినయ్!"

వాకిలి పడమటి వైపుంది. పాలు తూర్పుకు పొంగాయంటే పొయ్యిలోకే పొంగాయని అర్థం, కాలుతున్న ఇటుకల మీదికి.

"అక్కా, ఇది ఎవరంటించిన్రు?"

"ఎవరంటిస్తరు? ఆడబిడ్డను, నేనే."

"ఆరలేదని చెప్పిన గద!"

"ఆరకపోతే మంట పెడ్తే ఆరదా? వానకాలంల బట్టలు పొయ్యి కాడ ఆరేసుకోమా? గీ పొయ్యిల పాలు తొందరగ కాగయి, మంట కింద ఉండదు, చుట్టూత ఉంటది. ముహూర్తం దాటిపోతుందని ఇంకో రెండు మొద్దులు నూకినం."

వెంట వచ్చినావిడ, "మంచిగ ఆరింది తియ్యన్నా. సప్పుడు సుత వచ్చింది," అన్నది.

"ఏం సప్పుడు?"

"ఢమ్మని. మేము పటాక అనుకున్నం."

తుపాకీ గురిపెట్టాను. మూడువందల పది. ఇంకో పక్క మూడువందల నలభై. నీళ్ళు చల్లితే అంతా పోతుంది. మొద్దులు బయటికి లాగితే ఒక్కసారి చల్లబడి అదీ పగులుతుంది. చేయగలిగిందల్లా వాకిలికి రేకు అడ్డంపెట్టి, దానంతట అది మెల్లగా చల్లారేలా చూడటం. రేకు తెచ్చి మూస్తుంటే అక్క, "మండే అగ్గిని మూస్తరారా ఎవరన్న?" అని అరిచింది. మూశాను.

తర్వాత నా చేతిలో పరమాన్నం గిన్నె పెట్టారు. ఆ పాలతోనే వండారట. తినకపోతే గొడవవుతుందని ఒక స్పూను నోట్లో పెట్టుకున్నాను. పళ్ళ కింద కరకరమంది. తీసి చూస్తే ఎర్రగా, కందిగింజంత ఇటుక పెచ్చు. గుమ్మటం లోపల పేలిన ఇటుక ముక్కలు గిన్నెలో పడ్డాయి. వాళ్ళు గరిటతో ఏరినన్ని ఏరి, మిగతావి బెల్లంలో కలిపేశారు. నేను ఆ పెచ్చును అరచేతిలో పెట్టి అక్కకు చూపించాను.

"ఏలక్కాయ పొట్టు," అన్నది.

అంతకన్నా నన్ను మండించింది వేరే ఉంది. ముహూర్తం తొమ్మిది నలభై ఏడుకట. నలభై ఆరు కాదు, నలభై ఎనిమిది కాదు. దానికోసం మొద్దులు తోశారు, పొగకు ఊపిరాడక దగ్గుకుంటూ నిలబడ్డారు. నిమిషం తప్పితే ఇల్లు మునిగిపోతుందని నమ్మేవాళ్ళే, నేను నూరు డిగ్రీలంటే పిచ్చి లెక్కలంటారు. ఆ అంకె ఎలా వచ్చిందో ఎవరూ పంతులును అడగరు. నా అంకె ఎలా వచ్చిందో అడిగితే తక్కెడ, బకెట్టు, ఇటుక చూపిస్తాను. అయినా ఎవరూ అడగరు. లెక్కల మీద గౌరవం లేదని కాదు. ఎవరి లెక్క అనేదే చూస్తారు.

వాళ్ళు వెళ్ళాక మా ఆవిడను అడిగాను, నువ్వెందుకు ఆపలేదని.

"ఆయన వద్దన్నడని చెప్పిన. 'వాని సంగతి నేను జూసుకుంట, నువ్వు పాలు పట్టుకరా' అన్నది. పట్టుకొచ్చిన." మాడిన పాల గిన్నె తోముతూ, "వదినతోని ఎన్నడన్న ఎదురు మాట్లాడిన్నా?" అన్నది. గొంతులో ఏడుపు లేదు. ఆమె గుమ్మటం వైపు కూడా చూడటం లేదు.

చల్లారాక లోపల టార్చి వెలిగించి పెట్టి, బయటినుంచి చూశాను. వాకిలి ఎడమ భుజం దగ్గర మొదలై నడినెత్తి దాకా సన్నటి వెలుగు గీత. షాపు విజిటింగ్ కార్డు అందులోకి పూర్తిగా దిగింది. నడినెత్తి ఇటుక అర అంగుళం కిందికి జారింది. ముఖాలు ఊడిన ఇటుకలు పదకొండు. మేస్త్రీని పిలిస్తే అర నిమిషం చూసి, "సిమెంటు పూసేస్త సార్, కనబడది," అన్నాడు. కనబడకుండా చేయడమే పరిష్కారమైతే దేశంలో ఏ గోడకూ పగులు లేదు. పంపేశాను.

పై నాలుగు వరసలు విప్పాల్సిందే. అప్పటికి ఆషాఢం వచ్చింది. బల్కంపేట వైపు డప్పులు మొదలయ్యాయి. ఆ రద్దీలో కూడా అక్కకు తీరిక దొరికింది.

"ఆషాఢంల కొత్త పని పెట్టుకుంటరా?"

"కొత్త పని కాదు. నువ్వు ఖరాబు చేసిన పాత పని."

"పాలు పొంగినయ్ కాబట్టే గా ఒక్క పగులుతోని పోయింది. లేకుంటే మొత్తం కూలుతుండె!"

 ఇలాంటి మాటను తూచే తక్కెడ ఎక్కడా దొరకదు. అక్కడే కోపం ఎక్కువవుతుంది.

ఇద్దరమే విప్పాం. వాకిట్లోంచి మళ్ళీ ఇసుక పేర్చి, ఇటుకలు సుత్తితో మెల్లగా తట్టి తీసి, కొత్తవి చెక్కి పెట్టాం. ఈసారి మా ఆవిడే పేర్చింది, నేను అడుసు అందించాను. వాన పడ్డప్పుడల్లా టార్పాలిన్ కప్పాం. మళ్ళీ బల్బు, మళ్ళీ బొగ్గులు. పొద్దున్నే పాలిథిన్ కవరు కప్పి తీసి చూసే పని కూడా ఆమే పెట్టుకుంది. వానల్లో చెమట తగ్గడానికి నేననుకున్నదానికన్నా రెట్టింపు సమయం పట్టింది. చివరికి ఒకరోజు కవరు పొడిగా వచ్చింది. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి అటూఇటూ తిప్పి చూసి, మడిచి పెట్టేసింది.

ఇక మంట మెల్లగా పెంచుతూ పోవచ్చు. పుల్లల మంట నడుస్తున్న రోజున అక్క వచ్చింది. చేతిలో మూత పెట్టిన స్టీలు గిన్నె. నాకు చూడగానే అర్థమైంది.

"పగిలినదానికి శాంతి చెయ్యాలె. మల్ల పొంగియ్యాలె. పంతుల్ని అడిగిన, ఆషాఢమైనా శాంతికి తప్పు లేదన్నడు."

నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ పొయ్యికీ అక్కకూ మధ్య వచ్చి నిలబడింది. చేతిలో సన్నని పుల్ల ఉంది.

"వద్దు వదినా."

"ఏంది వద్దు?"

"పాలు వద్దు. గీ పొయ్యి నాది. ఎప్పుడంటియ్యాల్నో, ఎంతంటియ్యాల్నో నేను చెప్త. ఆ గిన్నె లోపల పెట్టు, చాయ్ చేస్త."

అక్క నా వైపు తిరిగింది. "వింటున్నవారా తమ్మీ? నీ పెండ్లాం నన్ను వాకిట్ల నిలవెట్టింది!"

నాలో ఇన్నాళ్ళుగా ఉడికిందంతా ఒక్కసారి పైకొచ్చింది. ముప్పై లీటర్లు, పదహారువందల రెట్లు, మూడువందల నలభై డిగ్రీలు, నా నోట్లోకి వచ్చిన ఇటుక పెచ్చు, అన్నీ వరసగా మొదలుపెట్టాను. మధ్యలో తుపాకీ ఎత్తి గోడకు గురిపెట్టి, "చూడక్కా, ఇప్పుడు కూడా నూటఇరవై, నూటముప్పై దాటితే..." అంటుంటే మా ఆవిడ నా చేతిలోంచి దాన్ని తీసుకుంది.

"మీ లెక్కలు సుత జర ఆపున్రి. నాకు వచ్చినయి. మీరిద్దరు పోయి ఆ మెట్టు మీద కూసోన్రి."

కూర్చున్నాం. నేను ఒక చివర, అక్క ఇంకో చివర. న్యాయం నా వైపు ఉండి కూడా నేను కూర్చోవలసిరావడం నాకు ఎంతమాత్రం నచ్చలేదు. గుమ్మటం కట్టింది ఎవరు? లెక్క చెప్పింది ఎవరు? అక్క కొంగుతో ముఖం తుడుచుకుని, "మాటలు బాగ నేర్చింది," అని గొణిగింది.  చాయ్ వచ్చాక నా కప్పు తీసుకుని గోడ వైపు తిరిగి తాగాను.

పెద్ద మంట ఆషాఢం అయిపోకముందే పెట్టింది మా ఆవిడ. ఏ ముహూర్తమూ చూడలేదు, నన్నూ అడగలేదు. పొయ్యి సిద్ధమైంది, పెట్టింది. రమ్మంటే అక్క కూడా వచ్చింది. బహుశా మళ్ళీ పగిలితే చూద్దామని. లోపల గోడలన్నీ మసిపట్టి నల్లగా అయ్యాయి. తర్వాత వేడి మూడువందల అరవై, డెబ్భై దాటుతుండగా నడినెత్తిన ఒక మచ్చ తెల్లబడింది. మసి కాలిపోతూ ఆ మచ్చ పెద్దదై భుజాల దాకా దిగి, గుమ్మటం మొత్తం మళ్ళీ ఇటుక రంగులోకి వచ్చింది. ఆవిడ టార్చి తీసుకుని బయట చుట్టూ తిరిగింది. పగులు కోసం వెతుకుతూ ఎక్కడా ఆగలేదు.

"గదేంది, రంగు పోయింది? మల్ల ఏం ఖరాబైంది?" అన్నది అక్క. రంగు పోవడమే మంచి గుర్తని చెప్పబోయి, ఆవిడ వైపు చూసి ఆమెకు కట్టె అందించాను.

మొదటి పిజ్జా లోపల ఎంతోసేపు లేదు. అంచులు బుసబుసా పొంగి అక్కడక్కడ నల్ల చుక్కలు పడ్డాయి. ఆవిడ చెక్క తెడ్డుతో బయటికి తీసి, కత్తితో కోసి, ఒక ముక్క తిరగేసి అడుగు చూసింది. గోధుమరంగు, మీద మచ్చలు. మా ఇంట్లో వండినామె ముందు దేవుడికి పెడుతుంది, తర్వాత మగవాళ్ళకు, వచ్చిన ఆడబిడ్డకు, చివర మిగిలింది తను తింటుంది. అక్క చెయ్యి చాచి ఉంది. నా చెయ్యి కూడా.

మా ఆవిడ నిలబడే ఆ ముక్క కొరికింది. ఊదుకుంటూ నమిలింది.

"ఉప్పు జర తక్కువైంది," అన్నది. రెండో ముక్క కూడా ఆమే తీసుకుంది.